పరమాణువుకి వయసుంటుందా?

రేడియోధార్మికత గురించి ఇంటర్మీడియట్ పుస్తకంలో ఉన్న అసలు సూత్రం ఒక్కటే. ఒక అర్ధాయువు గడిస్తే సగం పరమాణువులు మిగులుతాయి, రెండు గడిస్తే పావు, మూడు గడిస్తే అరపావు. లాగరిథమ్ పట్టిక దగ్గరుంటే లెక్క అయిదు నిమిషాల పని. పోటీ పరీక్షలకి మంచి బిట్టు కూడాను. ఈ సూత్రం పుట్టి నూటపాతికేళ్ళు దాటింది. అది పూర్తిగా నిజం కాలేదని క్వాంటమ్ సిద్ధాంతం చాలాకాలం కిందటే చెప్పింది. అయితే చెప్పడం ఒక ఎత్తు, చూపించడం ఇంకో ఎత్తు. చూపించడానికి యురేనియం, రేడియం, కోబాల్టు ఏవీ పనికిరాలేదు. చివరికి పనికొచ్చింది మనం కూరలో వేసుకునే ఉప్పులోని సోడియం. ఆ సోడియాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకి దాదాపు ఆనుకునేంతగా చల్లార్చాల్సి వచ్చింది. ఈ కథలో మనవాళ్ళ పాత్ర చిన్నదేం కాదు. అయినా తెలుగులో దీని గురించి రాసింది నాకు పెద్దగా కనబడలేదు.

తిరువూరులో నేను కొన్నేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఒకసారి ఈ పాఠం అవుతుండగా సెకండియర్ అమ్మాయి ఒకతె లేచి, "ఇప్పుడే పుట్టిన పరమాణువుకీ, వెయ్యేళ్ళ నుంచి ఉన్న పరమాణువుకీ తేడా ఏం ఉండదాండీ?" అని అడిగింది. పరీక్షలో రాయాల్సిన జవాబు "ఉండదు" అనే. ఆ ఘాతీయ సూత్రానికి అర్థమే అది. ఇంకో నిమిషంలో విఘటనం చెందే అవకాశం ఎంత అంటే, పాతదానికీ కొత్తదానికీ ఒకటే. మా వైపు అందరికీ తెలిసిన మామిడికాయతో పోల్చి చెబితే సులువు. కోసిన కాయని వరిగడ్డిలో పెడితే రోజురోజుకీ మాగుతుంది. మూడోరోజు కాయకీ ఏడోరోజు కాయకీ వాసనలోనే తేడా తెలిసిపోతుంది. కాయకి గతం ఉంది, అది రంగులోనూ మెత్తదనంలోనూ నమోదవుతుంది. పరమాణువు మాగదు. నాలుగువందల యాభై కోట్ల సంవత్సరాలు కదలకుండా కూచున్న యురేనియం కేంద్రకం కూడా నిన్న పుట్టినదానిలాగే ఉంటుంది, ఉన్నట్టుండి ఒక ఆల్ఫా కణాన్ని బయటికి విసిరేస్తుంది. మనుషులకీ మామిడికాయలకీ వర్తించే వృద్ధాప్యం దానికి లేదు. పిల్లలకిది మింగుడుపడదు. నిజం చెప్పాలంటే 1900ల్లో పెద్దపెద్ద వాళ్ళకీ మింగుడుపడలేదు.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రూథర్‌ఫర్డ్ థోరియం నుంచి వచ్చే ఒక వాయువుని పట్టి కొలిచాడు. దాని చురుకుదనం నిమిషానికి ఇంచుమించు సగం చొప్పున తగ్గుతోందని 1900లో ప్రకటించాడు. తగ్గుదల గుణశ్రేఢిలో ఉంది. ఎందుకలా? 1905లో వియన్నాలో ష్వైడ్లర్ దీన్ని సంభావ్యతగా చూశాడు: ఏ పరమాణువు ఎప్పుడు పోతుందో చెప్పలేం, ప్రతిదానికీ ప్రతి క్షణమూ పోయే అవకాశం సమానం అనుకుంటే చాలు, సూత్రం దానంతటదే వస్తుంది. అవకాశం ఎక్కణ్ణించి వచ్చింది అన్న ప్రశ్నకి 1928లో గామోవ్, ఆయనతో సంబంధం లేకుండా గర్నీ, కాండన్ క్వాంటమ్ సమాధానం ఇచ్చారు. కేంద్రకం చుట్టూ ఒక శక్తి గోడ ఉంది. ఆల్ఫా కణానికి ఆ గోడ ఎక్కి దూకే శక్తి లేదు. కానీ దాని తరంగం గోడలోకి చొచ్చుకుపోయి, అవతల కొద్దిగా తేలుతుంది. దీన్నే టనెలింగ్ అంటున్నాం. గోడ కాస్త మందమైతే చాలు, ఆయువు సెకన్ల నుంచి కోట్ల సంవత్సరాలకి పెరిగిపోతుంది.

చిక్కు అక్కడే మొదలైంది. క్వాంటమ్ సమీకరణాన్ని నిజాయితీగా సాధిస్తే కచ్చితమైన ఘాతీయ సూత్రం రాదు. దాన్ని రాబట్టాలంటే ఎక్కడో ఒకచోట "ఇది చిన్నది, వదిలేద్దాం" అనాలి. ఆ వదిలేసిన చిన్నదానిలోనే ఈ కథంతా ఉంది. అది చెప్పేముందు, మన పక్క నుంచి ఒక మనిషిని పరిచయం చేయాలి.

భీమవరం దగ్గర గొరగనమూడి అనే ఊళ్ళో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు పుట్టాడు. యౌవనంలో ఇల్లు విడిచి, హిమాలయాల్లో ఏళ్ళ తరబడి యోగసాధన చేసి, జ్ఞానానంద స్వామి అయ్యాడు. సాధారణంగా ఇలాంటి కథలు అక్కడ ఆగిపోతాయి. ఈయన కథ అక్కణ్ణించి జర్మనీకి వెళ్ళింది. సాపేక్ష సిద్ధాంతం మీద ఆసక్తి పుట్టి, ముప్ఫయ్యో పడిలో కూచుని గణితం, భౌతికశాస్త్రం నేర్చుకున్నాడు. తరవాత ప్రాగ్‌లో ఎక్స్-రే వర్ణపటాల మీద పనిచేశాడు. ఆపైన లివర్‌పూల్ చేరి, న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల వర్ణపటం మీద పరిశోధన చేశాడు. కాషాయం కట్టిన వ్యక్తి బీటా స్పెక్ట్రోమీటర్ ముందు కూచున్న దృశ్యం ఒకసారి ఊహించుకోండి. మన పత్రికలు ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా "యోగి-శాస్త్రవేత్త" అన్న విచిత్రం దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చదు. ఆయన చేసిన పని ఆ విచిత్రం కన్నా పెద్దది.

ఆ పనిలో ఒకటి 1947లో అచ్చయిన పుస్తకం, 'హై వాక్యువా'. గాలిని పాత్రలోంచి ఎలా లాగెయ్యాలి, లాగేశాక ఎంత మిగిలిందో ఎలా కొలవాలి అన్నదే అందులో విషయం. చదవడానికి ఇంపైన విషయం కాదు. కానీ బీటా కణాల శక్తి కొలవాలంటే, దారిలో గాలి అణువులు అడ్డు రాకూడదు. ఆ తరం ప్రయోగశాలల్లో సగం కష్టం పంపులూ, సీళ్ళూ, లీకుల వెతుకులాటే. పరమాణువులని చల్లార్చే నేటి ప్రయోగశాలల్లోనూ అదే తంతు. అక్కడ పాత్రలోని పీడనం బయటి గాలి పీడనంలో లక్షకోట్లవ వంతు, అంతకన్నా తక్కువ. ఒక్క వేడి అణువు వచ్చి ఢీకొడితే చల్లటి పరమాణువు ఎగిరిపోతుంది. స్వామి దేశానికి తిరిగొచ్చాక కొంతకాలం ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. 1969లో చనిపోయాడు. వాల్తేరులో ఆ ప్రయోగశాలలకి ఇప్పుడు ఆయన పేరే ఉంది. కోస్తా జిల్లాల కాలేజీల్లో పనిచేసిన ఫిజిక్స్ లెక్చరర్లలో చాలామంది రేడియోధార్మికతని చేత్తో ముట్టుకున్నది, అంటే కౌంటర్ ముందు కూచుని టిక్కుటిక్కులు లెక్కపెట్టింది, వాల్తేరులోనే.

ఆ టిక్కుల్లో ఘాతీయ సూత్రానికి తప్పు దొరకదు. ఎంత వెతికినా దొరకదు. 1988లో నార్మన్, సహచరులు పనిగట్టుకుని వెతికారు. మాంగనీసు-56కి అర్ధాయువు రెండున్నర గంటల పైచిలుకు. దాన్ని 45 అర్ధాయువుల దాకా వెంటాడారు. 45 సార్లు సగం చేస్తే ఎంత మిగులుతుందో కాగితం మీద వేసుకోండి, వాళ్ళ ఓపిక తెలుస్తుంది. కోబాల్టు-60ని అటుపక్క, మరీ మొదట్లో చూశారు. రెండు చోట్లా సూత్రం చెక్కుచెదరలేదు. కారణం ఉంది. సిద్ధాంతం చెప్పే తేడా తొలి క్షణంలో కొంత, అంతా దాదాపు అయిపోయాక చివర్లో కొంత కనబడాలి. చివర్లో తేడా తప్పదని 1957లో లెనిన్‌గ్రాడ్‌లో హాల్ఫిన్ నిరూపించాడు. కానీ అప్పటికి కొలవడానికి ఏమీ మిగలదు. తొలి క్షణం సంగతా, కేంద్రకాల విషయంలో అది ఏ గడియారానికీ అందనంత చిన్నది.

అదే 1957లో మరొకటి జరిగింది. రోచెస్టర్‌లో ఇరవయ్యారేళ్ళ పరిశోధక విద్యార్థి ఇ. సి. జి. సుదర్శన్, తన గురువు మార్షాక్‌తో కలిసి బీటా విఘటనకి కారణమైన బలహీన బలం ఏ రూపంలో ఉండాలో తేల్చాడు. V-A సిద్ధాంతం అంటారు దాన్ని. వీళ్ళ మాట ఒక సమావేశ సంపుటంలో పడేలోపు ఫైన్‌మన్, గెల్‌మన్‌ల వ్యాసం ప్రముఖ పత్రికలో వచ్చేసింది, పేరు అటు ఎక్కువగా పోయింది. సుదర్శన్ కొట్టాయం దగ్గర పల్లంలో పుట్టిన మలయాళీ. 1980ల్లో మద్రాసు గణితశాస్త్ర సంస్థకి డైరెక్టరుగా కూడా వచ్చాడు. నెల్లూరు జిల్లా మూలాలున్న అల్లాడి రామకృష్ణన్ స్థాపించిన సంస్థ అది. కానీ ఆయన జీవితంలో ఎక్కువ భాగం టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో గడిచింది. మన కథకి కావల్సిన ఊరు అదే.

1977లో ఆస్టిన్‌లో సుదర్శన్, ఒడిశాకి చెందిన బైద్యనాథ్ మిశ్రా కలిసి ఒక ప్రశ్న అడిగారు. అస్థిరమైన కణం ఒకటి బబుల్ చాంబర్‌లో గీత గీసుకుంటూ పోతోంది. ఆ గీత అంటే ఏమిటి? "నేనింకా ఉన్నాను, ఇంకా ఉన్నాను" అని కణం అడుగడుగునా పలకడమే కదా. అంటే దాన్ని ఎడతెరిపి లేకుండా గమనిస్తున్నట్టే. క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం, నిరంతరాయంగా గమనిస్తున్న కణం ఎప్పటికీ విఘటనం చెందకూడదు! కానీ చెందుతోంది. ఈ వైరుధ్యానికి వాళ్ళు గ్రీకు తాత్వికుడు జీనో పేరు పెట్టారు. ఎగిరే బాణం ప్రతి క్షణంలోనూ ఒకచోట నిలిచే ఉంటుంది కాబట్టి కదలదు అన్నాడాయన. వాళ్ళకి తట్టి ఉంటే దీనికి నాగార్జునుడి పేరు పెట్టి ఉండేవారా అని నాకొక చిలిపి ఆలోచన. మూలమధ్యమక కారికల రెండో ప్రకరణం గమనాన్ని గురించే: నడిచేసిన దారిలో నడక లేదు, నడవని దారిలోనూ లేదు, మరి నడక ఎక్కడుంది? అన్నీ మన గ్రంథాల్లో ముందే ఉన్నాయనే బాపతు వాదన కాదిది. నాగార్జునుడికి క్వాంటమ్ యాంత్రికశాస్త్రం తెలీదు, జీనోకీ తెలీదు. పేరు ఎవరిదైనా ఒకటే.

వాళ్ళ లెక్కలోని కీలకాన్ని చిన్న అంకెలతో చెప్పొచ్చు. ఘాతీయ సూత్రంలో, మొదట్లో, నష్టం కాలానికి అనులోమంగా ఉంటుంది. పది మైక్రోసెకన్లలో వందకి ఇంచుమించు పది పోతే, ఒక మైక్రోసెకనులో ఒకటి పోతుంది. మధ్యలో పదిసార్లు ఆగి చూసినా మొత్తం మీద పోయేవి అవే పది. చూడటం వల్ల ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. కానీ క్వాంటమ్ సమీకరణం ప్రకారం, మరీ తొలి దశలో నష్టం కాలం వర్గానికి అనులోమం. పది మైక్రోసెకన్లలో వందకి పది పోయేటట్టయితే, ఒక మైక్రోసెకనులో పోయేది ఒకటి కాదు, పదోవంతు. ఇప్పుడు ప్రతి మైక్రోసెకనుకీ ఆగి, "ఉన్నావా?" అని చూస్తే, కొలత దాని గడియారాన్ని మళ్ళీ సున్నాకి తిప్పుతుంది. పది మైక్రోసెకన్ల తరవాత పోయేవి పదికి బదులు ఒకటి. ఇంకా తరచుగా చూస్తే ఇంకా తక్కువ.

గడ్డిలో పెట్టిన మామిడికాయల్ని పిల్లలు గంటగంటకీ తీసి నొక్కి చూస్తే అవి సరిగా మాగవని పెద్దవాళ్ళు కసురుకుంటారు. అక్కడ కారణం వేరు, గడ్డి తీసినప్పుడల్లా వేడి బయటికి పోతుంది. కానీ పోలికలో ఒకటి మాత్రం సరిగ్గా కుదురుతుంది: చూడటం వల్ల ఫలితం మారాలంటే, ముందు ఆ వస్తువుకి గతం అంటూ ఉండాలి. పూర్తిగా ఘాతీయమైనదానికి గతం లేదు, కాబట్టి చూపు దాన్ని ఏమీ చేయలేదు. జీనో ప్రభావం కనిపించిందంటే, పరమాణువుకి తొలి క్షణాల్లో వయసుందని రుజువైనట్టే. ఇంటర్ అమ్మాయి అడిగిన ప్రశ్నా, సుదర్శన్-మిశ్రా ప్రశ్నా ఒకే కొమ్మకి కాసినవి.

చియుతో కలిసి అదే ఏడాది రాసిన మరో వ్యాసంలో ఈ వైరుధ్యానికి పరిష్కారం కూడా సూచించారు. బబుల్ చాంబర్ ఎంత తరచుగా గమనించినా, ఆ తొలి దశ దానికన్నా ఎన్నో రెట్లు కురచ. అందుకని కణం చూపు పడ్డా పట్టించుకోదు. కాగితం మీద గండం గడిచింది. కానీ ప్రయోగం?

మొదట 1990లో కొలరాడోలోని బోల్డర్‌లో ఇటానో, వైన్‌లాండ్, సహచరులు సుమారు అయిదువేల బెరీలియం అయానులని ఉచ్చులో పట్టి, రేడియో తరంగంతో ఒక స్థితి నుంచి మరో స్థితికి నెట్టారు. నెట్టడానికి పట్టేది 256 మిల్లీసెకన్లు. ఆ లోపల లేజరు మెరుపులతో 64 సార్ల దాకా "ఎక్కడున్నారు?" అని అడిగితే, అయానులు దాదాపు మొదటి స్థితిలోనే ఉండిపోయాయి. బాగా పేరొచ్చిన ప్రయోగం. కానీ నా లెక్కలో ఇది సుదర్శన్-మిశ్రా ప్రశ్నకి జవాబు కాదు. అక్కడ విఘటన లేదు. ఉయ్యాలని ఒక కొస నుంచి ఇంకో కొసకి ఊపుతూ మధ్యలో పట్టుకోవడం అది. ఉయ్యాల ఎలాగూ వెనక్కి వస్తుంది. విఘటనలో పోయింది తిరిగి రాదు.

తిరిగిరానిదాన్ని కొలిచిన ప్రయోగం ఆస్టిన్‌లోనే జరిగింది. సుదర్శన్ పనిచేస్తున్న విశ్వవిద్యాలయంలోనే, మార్క్ రైజెన్ ప్రయోగశాలలో. కేంద్రకం తొలి క్షణం అందనంత చిన్నదైతే, తొలి క్షణం తీరిగ్గా జరిగే అస్థిర వస్తువుని మనమే తయారుచేసుకుందాం అన్నది ఇక్కడి ఉపాయం. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన మలుపు ఇదే.

ఫిజిక్స్ లాబ్‌లో న్యూటన్ వలయాల ప్రయోగం చేసినవాళ్ళందరికీ సోడియం దీపం పసుపు వెలుగు గుర్తుంటుంది. 589 నానోమీటర్లు. సరిగ్గా ఆ రంగుకి కాస్త అటూఇటూగా ఉన్న లేజరు కిరణాలని ఆరు వైపుల నుంచీ సోడియం ఆవిరి మీదకి పంపితే, పరమాణువు ఎటు కదిలినా ఎదురు కిరణం వెనక్కి తోస్తుంది. అలా తోపులు తిని తిని వేగం పోగొట్టుకుని, పరమశూన్యానికి కొన్ని మైక్రోకెల్విన్ల ఎత్తులో నిలబడుతుంది. ఈ పద్ధతికి 1997లో చూ, కోహెన్-తనూజీ, ఫిలిప్స్‌లకి నోబెల్ వచ్చింది. ఇంత చల్లబడ్డ పరమాణువుల్ని, ఎదురెదురు లేజరు కిరణాలు కలిసి ఏర్పరిచే నిలకడ తరంగంలోకి వదిలితే, కోడిగుడ్ల అట్టలో గుడ్లలాగా గుంటల్లో కుదురుకుంటాయి. ఇప్పుడు ఆ అట్టని మొత్తంగా వేగంగా ముందుకి లాగాలి. మామూలు వేగం కాదు, భూమి గురుత్వ త్వరణానికి వెయ్యి రెట్లకు మించి. ఆ ఊపుకి గుంట గోడలు ఒక పక్కకి వాలిపోతాయి, పరమాణువు గోడలోంచి టనెల్ అయి జారిపోతుంది. గుంటలో మిగిలినవి అట్టతో పాటు ముందుకి పోతాయి, జారినవి వెనకబడతాయి. తరవాత కెమెరాతో రెండు గుంపుల్నీ విడిగా లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ సోడియం కేంద్రకానికి ఏమీ కాదు, నిజమే. విఘటనం చెందేది "గుంటలో ఉండటం" అనే స్థితి. అందువల్ల ఇది అసలు విఘటన కాదని వాదించేవాళ్ళుంటారు. కానీ గామోవ్ బొమ్మ గుర్తు తెచ్చుకోండి. గోడ ఉంది, గోడలోంచి జారడం ఉంది, జారినది తిరిగి రాకపోవడం ఉంది. ఆల్ఫా కణం చేసేదీ అదే. తేడా ఒక్కటే, ఈ గోడ ఎత్తూ, వాలూ ప్రయోగం చేసేవాడి చేతిలో ఉన్నాయి. యురేనియం గోడని ఎవరు సవరించగలరు?

1997లో విల్కిన్‌సన్, రైజెన్, సహచరులు మొదటి ఫలితం ప్రకటించారు. తొలి మైక్రోసెకన్లలో, మిగిలినవాటి గీత ఘాతీయంగా పడలేదు. మొదట కాసేపు చదునుగా సాగింది, తరవాత నిటారుగా జారింది, ఆపైన పుస్తకంలోని వంపులో కుదురుకుంది. అస్థిర వస్తువు తొలి క్షణాల్లో ఘాతీయ సూత్రాన్ని తప్పడం ప్రయోగంలో కనబడటం అదే మొదలు. 2001లో ఫిషర్, గుతియెరెజ్-మెదీనా, రైజెన్ రెండో అడుగు వేశారు. మధ్యమధ్య త్వరణాన్ని తగ్గించి, టనెలింగ్‌ని ఆపి, జారినవీ జారనివీ విడిపోయేంత వ్యవధి ఇచ్చి, మళ్ళీ లాగారు. అదే కొలత. ఒక్కో మైక్రోసెకనుకి ఒకసారి ఇలా ఆపితే క్షయం నెమ్మదించింది. సుదర్శన్, మిశ్రా చెప్పిన ప్రభావం, నిజంగా జారిపోయే వస్తువులో, వాళ్ళు చెప్పిన ఇరవైనాలుగేళ్ళకి కనబడింది.

అయిదు మైక్రోసెకన్లకి ఒకసారి ఆపితే మాత్రం క్షయం వేగం పెరిగింది! గీత ఆకారం చూస్తే కారణం తెలుస్తుంది. ఒక మైక్రోసెకను దగ్గర ఆపితే ప్రతిసారీ చదును భాగమే మళ్ళీ మొదలవుతుంది. అయిదు దాకా ఆగితే, చదునుతో పాటు నిటారు జారుడు కూడా ప్రతిసారీ పునరావృతమవుతుంది. చూపు ఆపనూ గలదు, తొందరపెట్టనూ గలదు. ఎప్పుడు చూశావన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండో ప్రభావమే ప్రకృతిలో ఎక్కువగా ఎదురవుతుందని 2000లో కోఫ్‌మన్, కురిజ్కీ సిద్ధాంతరీత్యా వాదించారు.

తరవాత ఈ పని చాలా చోట్ల పాకింది. 2015లో కోర్నెల్‌లో పాటిల్, చక్రం, వెంగలత్తూర్ అనే ముగ్గురు జాలకంలోని చల్లటి పరమాణువుల మీద వెలుగు వేసి బొమ్మలు తీస్తూ, తీయడం వల్లే వాటి టనెలింగ్ మందగించడం చూపించారు. వెలుగు ఎంత ఎక్కువైతే అవి అంత కదలకుండా ఉన్నాయి. బెంగుళూరులో రామన్ పరిశోధన సంస్థలో సోడియాన్నీ పొటాషియాన్నీ కలిపి చల్లార్చే ప్రయోగశాల నడుస్తోంది.

1977కి ఇంకో ప్రత్యేకత ఉంది. మిశ్రా-సుదర్శన్ వ్యాసం వచ్చిన ఆ సంవత్సరమే హార్వర్డ్‌లో సిడ్నీ కోల్‌మన్, విఘటనం చెందేది కణం కాకుండా శూన్యమే అయితే ఏమవుతుందని లెక్క వేశాడు. మనం శూన్యం అనుకుంటున్నది నిజమైన అడుగు కాకపోవచ్చు, పైమెట్టు మీద ఆగిన స్థితి కావచ్చు. అప్పుడు ఎక్కడో ఒకచోట కింది మెట్టు తాలూకు బుడగ పుట్టి, వ్యాపించి, అంతా మింగుతుంది. జ్ఞానానంద స్వామి ఏళ్ళ తరబడి గాలి లాగేసి సాధించిన శూన్యం వేరు, ఈ శూన్యం వేరు, మాట మాత్రం ఒకటే. దీన్ని విశ్వం మీద పరీక్షించే వీలు లేదు, పరీక్ష నెగ్గితే మార్కులు వేసేవాడు మిగలడు. ఇటలీలోని ట్రెంటోలో జెనెజిని, ఫెర్రారి బృందం, న్యూకాజిల్ సిద్ధాంతకారులతో కలిసి, దీని నమూనాని అతిశీతల పరమాణువుల మేఘంలో కట్టింది. ఒకే వైపుకి స్పిన్ తిరిగి ఉన్న మేఘాన్ని, ఆ స్థితి ఇక అడుగుమెట్టు కాకుండా పోయేలా మార్చి, వేచి చూశారు. కొంతసేపు ఏమీ జరగలేదు. తరవాత మేఘంలో ఎదురు స్పిన్ బుడగ పుట్టింది. గోడని కొద్దికొద్దిగా మారుస్తూ, బుడగ పుట్టడానికి పట్టే సగటు కాలాన్ని మిల్లీసెకన్ల లెక్కన కొలిచి, ఆ ఫలితాన్ని 2024 జనవరిలో ప్రకటించారు. మేఘంలో ఉన్నవి సోడియం-23 పరమాణువులు, ఆస్టిన్‌లో వాడినవే.